అద్దం రెండో కొస

అద్దాలు మోసేవాళ్ళంతా అతన్ని తాత అంటారు. నిజానికి అతనికి నలభై కూడా నిండలేదు. ఆ పేరు పెట్టినవాడు పిట్ట. పనిలో చేరిన కొత్తలో ఇతను గుమ్మం దాటాలన్నా ముందు కాలితో తడిమి, ఆనక అడుగు వేసేవాడు. "ఏం తాతా, చేతికర్ర తెమ్మంటావా?" అన్నాడు పిట్ట. అంతే, కూలీల అడ్డా అంతా అదే పట్టుకుంది. పిట్టకి ఆ పేరు పెట్టింది ఇతనే. పని చేస్తున్నంతసేపూ ఈల వేస్తూనే ఉండేవాడు మరి. నోట్లో మేకులు పెట్టుకుంటే గానీ ఊరుకునేవాడు కాదు.

పిట్ట పోయి పదేళ్ళు దాటింది. తాత అనే పేరు మాత్రం నిలిచిపోయింది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందని కొత్తవాళ్ళు అడగరు. అతను చెప్పడు.

అద్దం మోయడానికి ఒక పద్ధతుంది. పెద్ద పలకని ఎత్తే ముందు చెరో కొస పట్టుకున్న ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు అడగాలి. "వదలమంటే వదుల్తావా?" "వదుల్తా." ఆ మాట అనుకోకుండా ఎవరూ ఎత్తరు. చెయ్యి జారాక ఇక అది అద్దం కాదు, కత్తి. దాన్ని పట్టుకోబోకూడదు. ఇద్దరూ ఒక్కసారే వదిలేసి వెనక్కి దూకాలి.

పిట్ట పోయిన రోజు కూడా వాళ్ళిద్దరూ ఆ మాట అనుకున్నారు. కానీ అంతకు ముందురోజు వాళ్ళు పనిచేసే అద్దాల దుకాణం గుమ్మంలో పిట్ట చేతిలోంచి ఒక పలక జారి ముక్కలైంది. ఓనరు లోపల్నుంచి వచ్చి, ఆ ముక్కల మధ్య నిలబడి, పిట్ట ముక్కు ముందు వేలు ఆడించాడు. "ఈసారి అద్దం నేలకి తగిలిందంటే, దానికంటే ముందు నువ్వుండాలిరా కింద. లేదంటే ఈ బజార్లో నీకు పనన్నది దొరకనివ్వను." చీపురు పట్టుకుని తాత అక్కడే ఉన్నాడు. చెవులారా విన్నాడు.

మర్నాడు ఒక బట్టల కొట్టు ముందు పలక జారింది. తాత "వదిలెయ్!" అని అరిచి తను వదిలేశాడు. పిట్ట వదల్లేదు. మోకాళ్ళ మీద కూలబడి, చేతులు రెండూ చాచి, దాన్ని ఒళ్ళోకి తీసుకోబోయాడు.

సాయంత్రానికల్లా ఓనరు కథ అల్లేశాడు. కుర్రాడు తాగొచ్చాడట, తను స్వయంగా వాసన చూశాడట, వద్దన్నా వినకుండా అద్దాల బండెక్కాడట. ఏడుస్తున్న తల్లి దగ్గర కూర్చుని, ఆమె తల మీద చెయ్యేసి మరీ చెప్పాడు.

పిట్ట తల్లి ఇస్త్రీ చేసి బతుకుతుంది. వీధివైపు గదిలో బల్ల, దాని కింద మూటలు. ఆమె మొగుడు తాగి తాగి పోయాడు. కూతురు పెళ్ళయి అత్తింటికి వెళ్ళిపోయింది. కొడుక్కి ఊహ తెలిసినప్పట్నుంచీ ఆమెది ఒకటే పాట, నాన్నలా కాకురా అని. పిట్ట చుక్క ముట్టి ఎరగడు. అయినా తల్లి గుండెలో ఆ భయం ఎప్పుడూ ఒక మూల కూర్చునే ఉండేది. ఓనరు ఆ మూలే తట్టాడు.

తాత వెళ్ళి జరిగింది చెప్పాడు. ఒకసారి కాదు, ఎన్నోసార్లు.

"నువ్వు వాడి స్నేహితుడివి నాయనా. నువ్వలాగే అంటావు" అంది ఆమె, చొక్కా మీద నీళ్ళు చిలకరిస్తూ. "అంత పెద్దమనిషికి అబద్ధమాడాల్సిన ఖర్మేం పట్టింది? తండ్రి రక్తం. ఊరికే పోతుందా?"

"కాదు పిన్నీ..."

"ఇంక ఆ ఊసెత్తకు."

అడ్డా మీదా అదే మాట. పాపం మంచివాడే గానీ తాగొచ్చాడటగా, అని.

తాత మాత్రం ఆ ఓనరు దగ్గరే పనిలో ఉండిపోయాడు. సిగ్గులేనివాడన్నారు. కూటికి గతిలేక అన్నారు. "వాడి మొహం ఎలా చూడగలుగుతున్నావయ్యా రోజూ?" అని భార్య నిలదీసింది. "చూడాలనే ఉంటున్నా" అన్నాడు.

నిజంగానే చూస్తూ ఉన్నాడు. ఓనరు మోకాళ్ళు పట్టేస్తే సంతోషించాడు. రోడ్డుకి అవతల పెద్ద అద్దాల షాపు వెలిసి బేరాలన్నీ అటు పోతుంటే, ఇంటికెళ్ళి ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాడు. ఓనరు దగ్గితే ఇంకోసారి దగ్గితే బాగుండుననిపించేది. కానీ అతను చావకూడదు. చచ్చిపోతే ఆ నోట్లోంచి నిజం ఇక రాదు. పిన్ని నమ్మేది ఆ నోటినే. తాతకి కావలసింది ఆ ఒక్క మాట, పిన్ని ఎదుట. దానికోసం మనిషి మెడకాయ విరిచేందుకైనా అతను సిద్ధమే. మాట బయటికొచ్చేదాకా మెడ ఉండాలి కాబట్టి ఆగాడు.

ఒకరోజు మూడో అంతస్తులో కొత్తగా పెట్టిన జిమ్ముకి నిలువెత్తు అద్దం ఎక్కించాల్సి వచ్చింది. రెండో మనిషికి జ్వరం. జిమ్ము కోచ్ ఫోను మీద ఫోను చేస్తున్నాడు. ఓనరు చొక్కా చేతులు పైకి మడిచాడు.

"నడు, నేనొస్తా. నీలాంటివాళ్ళని నలుగుర్ని మోశానురా ఈ చేతుల్తో."

మెట్లెక్కేటప్పుడు బరువంతా కింద కొస పట్టుకున్నవాడి మీదే పడుతుంది. ఎప్పుడూ కింద ఉండేది తాతే. ఆరోజు వెళ్ళి పై కొస పట్టుకున్నాడు.

"ఏరా, కింద ఉండవా?"

"నడుం పట్టేసింది సార్. మీకు బరువనిపిస్తే చెప్పండి, అడ్డాకెళ్ళి ఎవర్నైనా పిలుచుకొస్తా."

"బరువా? నాకా? పట్టు, పట్టు." బరువన్న ఒక్క మాటంటే చాలు, రోషానికి ఓనరు కొండనైనా ఎత్తుకుంటాడని తాతకి తెలుసు. "వదలమంటే వదుల్తావా?" అలవాటు కొద్దీ అడిగాడు ఓనరు.

"ఎత్తండి" అన్నాడు తాత.

రెండో అంతస్తు దాటాక మెట్లు మలుపు తిరుగుతాయి. అక్కడ అద్దాన్ని నిలువుగా లేపితే తప్ప తిరగదు. లేపినప్పుడు కిందవాడు మూలకి నక్కి, గోడకి వీపు ఆనించి, పలకని గుండెకి అదుముకోవాలి. తాత నిలువుగా లేపాడు. గోనెపట్టా ఒకటి మెట్టు అంచున వేసి, దాని మీద తన వైపు ఆనించాడు. ఒక చేత్తో నిలిపి పట్టుకుని ఆగిపోయాడు.

"లాగరా!"

"ఒక మాట అడగాలి సార్."

"మాటలేంట్రా ఇక్కడ? చేతులు పోతున్నాయ్!"

"పిట్ట ఆరోజు తాగొచ్చాడా?"

ఓనరు పైకి చూశాడు. అద్దం అంచు అతని గడ్డం కింద ఉంది. ముందు నవ్వబోయాడు. తర్వాత బూతు తిట్టాడు. తిట్టడానికి ఊపిరి చాల్లేదు.

పైనుంచి కోచ్ తొంగిచూశాడు. "ఏమైంది? సాయం రమ్మంటారా?"

"వద్దండీ, కాస్త ఊపిరి తీసుకుంటున్నాం" అన్నాడు తాత. ఓనరు వైపు వంగి నెమ్మదిగా అన్నాడు. "రమ్మనండి కావాలంటే. కొత్త చెయ్యి పడితే కదుల్తుంది. కదిలితే ఎటు వస్తుందో మీకు నేను చెప్పాలా?"

"నాకు బీపీ రా..."

"మాత్ర వేసుకునే వచ్చారుగా, పొద్దున చూశాను. తాగొచ్చాడా?"

చెమట ఓనరు కళ్ళలోకి దిగుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి లేదు. "లేదు" అన్నాడు.

"వినబళ్ళేదు."

"తాగలేదు! నేనే... అద్దం కంటే ముందు నువ్వు పడాలిరా అన్నా. కోపంలో అన్నా. ఎవడనుకున్నాడు, వాడు నిజంగానే... దించరా బాబూ, దణ్ణం పెడతా!"

తాత ఇంకాసేపు ఆ మొహం చూశాడు. చెయ్యి తీసేయాలనే ఉంది. ఒక్క వేలు తీస్తే చాలు. అప్పుడు పిన్నికి చెప్పేవాడెవడు? రెండు చేతులూ వేసి బరువు తన మీదికి లాక్కున్నాడు.

కోచ్ పై మెట్టు మీద అలాగే నిలబడి ఉన్నాడు, భుజాన తువ్వాలుతో. అంతా విన్నాడు. అద్దం బిగించాక డబ్బులు ఓనరు చేతికివ్వకుండా కిటికీలో పెట్టాడు.

కిందికి దిగాక ఓనరుకి గొంతు తిరిగొచ్చింది. "చంపుతానని బెదిరించి చెప్పించుకున్నది మాటేనా? ఎవరు నమ్ముతార్రా?"

"అందుకే పిన్ని ఇంట్లో, నేల మీద నిలబడి చెప్పండి. ఆ గదిలో చెప్తే ఆ గదిలోనే ఉంటుంది, నాదీ పూచీ. లేదంటే కోచ్‌ని అడ్డాకి తీసుకెళ్తా. వదలొద్దన్నవాడి అద్దం ఎవడు ముట్టుకుంటాడో అప్పుడు చూద్దాం."

ఓనరు బండి తలుపు తీశాడు. ఎక్కి, "పోనీ, వాళ్ళింటికే" అన్నాడు.

వాళ్ళు వెళ్ళేసరికి పిన్ని ఇస్త్రీ చేస్తోంది. ఓనరుని చూసి కొంగు సర్దుకుంది. "రండి బాబూ, ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా?" అని స్టూలు మీద మూట తీయబోయింది.

"కూర్చోడు పిన్నీ. నిలబడే చెప్తాడు" అన్నాడు తాత.

ఓనరు చెప్పాడు. నేల చూపులు చూస్తూ, మాటలు మింగుతూ, మధ్యమధ్య "పొరపాటు" అంటూ. పొరపాటు అన్నప్పుడల్లా తాత "ఏం మాటన్నారో అది చెప్పండి" అన్నాడు. చివరికి అదీ చెప్పాడు.

పిన్ని ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"వాసన చూశానన్నారు?"

"చూడలేదమ్మా."

"నా తల మీద చెయ్యేసి చెప్పారే."

ఓనరు బల్ల కింద మూటల వైపు చూశాడు.

"పిల్లలెంతమందమ్మా అని ఎవరైనా అడిగితే, కూతురొక్కతే అని చెప్తున్నాను" అంది ఆమె. ఏడవలేదు. "చూడండి బాబూ. సిగ్గేసి, వాడు అసలు పుట్టనేలేదన్నట్టు చెప్పుకున్నాను."

ఓనరు చేతులు జోడించాడు. ఆమె వాటివైపు చూడలేదు. ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపింది. కొంగు బొడ్లో దోపుకుంది. చెప్పులు వేసుకుంది.

"పదండి. పక్కింటావిడకి కాస్త చెవుడు. గట్టిగా చెప్పాలి."

ఓనరు ఉలిక్కిపడి తాతవైపు తిరిగాడు. "ఈ గది దాటదన్నావు!"

"నేనన్నాను సార్. పిన్ని అనలేదు."

తాత గుమ్మం బయట బండికి అడ్డంగా, పక్కింటి వైపు ఒక్కటే దారి మిగిలేటట్టు నిలబడ్డాడు. ఓనరు బయటికి నడిచాడు. పక్కింటావిడ బియ్యం చేట ఒళ్ళో పెట్టుకుని, చెవి దగ్గర చెయ్యి పెట్టి, "ఏంటీ? ఎవరు?" అంది.

"ఈవిడ కొడుకు తాగలేదు" అన్నాడు ఓనరు.

"ఆఁ?"

"తాగలేదు!"

ఆ కేకకి రెండు మూడు కిటికీలు తెరుచుకున్నాయి. పిన్ని అప్పటికే ఎదురింటి తలుపు కొడుతోంది.