మార్తమ్మ గారి చెవి వెనక చప్పుడు

రాజమండ్రి రేవులో, పోలవరం వైపు నుంచి తెప్పలు కట్టి తెచ్చిన టేకు దుంగలను ఇద్దరు మనుషులు పెద్ద రంపంతో కోస్తున్నారు. నిన్న ఆ దారిన పోతూ ఆ చప్పుడు విని నిలబడిపోయాను. మా మార్తమ్మ గారు సరిగ్గా ఇదే చప్పుడు నోటితో చేసి చూపించేవారు.

ఆవిడ మా మిషను ఆడపిల్లల బడికి పెద్ద పంతులమ్మ. నేను కొత్తగా చేరిన చిన్న పంతులమ్మను. మొదటి రోజు నేను ఊపిరి తీసుకోకుండా పాఠం చెప్పేస్తుంటే వెనక బల్ల మీద కూర్చుని విన్నారు. బయటికి వచ్చాక, "బాగా చెప్పావమ్మా. పిల్లలకే నోరు తెరిచే సందు దొరకలేదు," అని పకపకా నవ్వారు. ఆవిడ తప్పు పట్టినా మనకు నవ్వే వచ్చేది.

ఆ ఏడు వానలు వెలిశాక ఆవిడకు కుడి చెవి వెనక రంపపు కోత మొదలైంది. నాడి కొట్టుకున్నప్పుడల్లా ఒక కోత. "ఎవడో లోపల కాపురం పెట్టి కలప కోస్తున్నాడే. పేరడిగితే పలకడు," అనేవారు. మేము చెవి ఆనించి విన్నాం గానీ ఏమీ వినపడలేదు. భ్రమ అనుకున్నాం. కొన్నాళ్ళకు నడక తూలింది, మాట ముద్దయింది. మంచినీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేవి. "నేల మీదే పడవెక్కినట్టుంది. తెడ్డు ఎవడి చేతిలో ఉందో!" అని అప్పటికీ నవ్వేవారు.

ఊళ్ళోవాళ్ళు మాత్రం ఆవిడ కల్లు తాగుతోందన్నారు. మా చర్చి సంఘం పెద్ద దానయ్య గారు బడికే వచ్చి, "పిల్లల తల్లిదండ్రులు అడుగుతున్నారండి. తమరు కొంతకాలం ఇంటిపట్టున ఉంటే బాగుంటుందండి," అన్నారు. ఆయన వెళ్ళాక మార్తమ్మ గారు, "బడి లేకపోతే నేనేం చేసుకోనే?" అన్నారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూడడం నాకదే మొదలు.

మర్నాడే గూడుబండి కట్టించి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మద్రాసులో చదివొచ్చిన డాక్టరు గారు ఆవిడ చెప్పిందంతా చివరిదాకా విని, స్టెతస్కోపు చెవి వెనక ఎముక మీద పెట్టారు. కళ్ళు మూసుకుని విన్నారు.

"నాకూ వినపడుతోందమ్మా," అన్నారు.

మార్తమ్మ గారు ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"పుర్రె లోపల ధమని, సిర కలవకూడని చోట కలిసిపోయినట్టున్నాయండి. పెద్ద కాలువ నీళ్ళు లాకు లేకుండా మురుగు కాలువలో పడితే చుట్టూ చేలు మునగవా? మీ మెదడు కింద కాడ అలా ఉబ్బినట్టుంది. మింగడం, మాట, నడక, అన్నీ ఆ కాడ చూసుకునే పనులే. కోసి బాగుచేసే దారి లేదు. రోజూ పైనుంచి నొక్కుతుంటే ఆ కలయిక మెల్లగా పూడిపోవచ్చు, చూద్దాం," అంటూ చెవి వెనక రక్తనాళాన్ని వేలితో అదిమారు.

"ఆగిందండి!" అని అరిచారు మార్తమ్మ గారు. వేలు తియ్యగానే మళ్ళీ మొదలైంది.

మర్నాడు నేను దానయ్య గారిని ఆసుపత్రికి వెంటబెట్టుకొచ్చి ఆయన చెవులకూ ఆ గొట్టాలు పెట్టించాను. "అయ్యబాబోయ్, నిజంగానే కోస్తున్నారండి!" అన్నారాయన.

"కల్లు పొంగే చప్పుడు కాదు కదండీ?" అన్నారావిడ, ముద్దమాటతోనే.

ఆయన మొహం ఎర్రబడింది. ఆ వారమంతా ఇల్లిల్లూ తిరిగి, బడి ఆవిడదేనని తనే చెప్పుకొచ్చారు.

అప్పటినుంచి ఉదయం, సాయంత్రం డాక్టరు గారు చూపినట్టు నేనే నొక్కేదాన్ని. ఆవిడ ఊరుకునేవారా? "నొక్కుతూ రేపటి పాఠం చెప్పు," అనేవారు. నేను చెబుతుంటే మొద్దుపిల్లలా అడ్డు ప్రశ్నలు వేసేవారు. నాకు పాఠం చెప్పడం వచ్చింది అక్కడే. ఒక ఉదయం కూడికలు చెబుతుంటే, "వేలు తియ్యి," అన్నారు. తీశాను. "లేదే! వాడు కాపురం ఎత్తేశాడే!" అన్నారు. తర్వాత నెమ్మదిగా గుటక కుదిరింది. గ్లాసుడు మజ్జిగ ముక్కుకు రాకుండా తాగిన రోజు ఇంకో గ్లాసు అడిగి మరీ తాగారు. నడకలో కొంచెం ఒరుగు మాత్రం ఉండిపోయింది. ఆ ఒరుగుతోనే చాలా ఏళ్ళు బడి నడిపారు.

ఇప్పుడు ఆ బడికి పెద్ద పంతులమ్మను నేను. మొన్న ఒక చిన్నపిల్ల పలక మీద అక్షరాలు కదులుతున్నాయంటే తరగతంతా గొల్లుమంది. నేను ఆ పిల్ల పక్కన చతికిలబడి పలకలోకి చూశాను. నా కంటికి అవి కదల్లేదు.

"ఏ వైపుకి కదులుతున్నాయమ్మా?" అని అడిగాను.