రూతమ్మ నేర్పిన ‘ఓవర్’

1969. తెలంగాణ కావాలని ఊరూర జులూసులు. బస్సులు బందు, బడులు బందు. అప్పుడు నేను చేవెళ్ల హైస్కూల్ల ఇంగ్లీషు మాస్టర్ని. బడికి తాళం పడ్డా, ఒక్క స్టూడెంటు మాత్రం ప్రతి ఆదివారం నా కిరాయి ఇంటికొచ్చేది. పేరు రూతమ్మ. మొయినాబాద్‌ల ఒక చిన్న దవాఖానల ఆయా. నర్సు ట్రైనింగుకు పరీక్ష రాయాలె, అదీ ఇంగ్లీషుల. వయసు దాటిపోతున్నది, ఆమెకు ఇదే ఆఖరిసారి.

నా పద్ధతి ఒక్కటే. ప్రిపొజిషన్ అంటే నామవాచకం పక్కన నిలబడి, అది ఎక్కడున్నదో ఎటు పోతున్నదో చెప్పే చిన్న మాట. అదే ఇంకో మాట ముందట అతుక్కుంటే ప్రిఫిక్స్. ‘ఓవర్’ రెండు పనులూ చేస్తది. గోడ మీదికెల్లి దుంకితే ఓవర్, మందు ఎక్కువైతే ఓవర్‌డోస్. అర్థాలన్నీ పదిసార్లు రాసి, చూడకుండ చెప్పాలె. నాలుగో అర్థం కాడికి రాంగనే రూతమ్మకు మాట పడిపోయేది.

“పొద్దంత మంచాలు తుడిచి వస్త సార్. యాదికుంటలేదు.”

“యాదికుంటలేదంటే మార్కులేస్తరా? నీకెందుకమ్మ గీ ఇంగ్లీషు?” అని కసిరిన. నా నోరు అసుంటిది. ఆమె నోటుబుక్కు సదురుకొని పోయింది.

పరీక్ష మూడు వారాలున్నదనంగ, పట్నంల పెద్ద జులూసని తెలిసి పొద్దుగాల్నే సైకిలెక్కిన. ఆదివారమని యాదికే లేదు. రూతమ్మ ఎండల అంత దూరం నడిచొచ్చి, తాళం చూసి, మళ్ల నడుచుకుంట పోయిందని పక్కింటి అవ్వ చెప్పింది. పట్నం తొవ్వ మొయినాబాద్ మీదికెల్లే. ఆమె దవాఖాన ముందట్నుంచే పోయిన నేను. ఆగి ఒక్క మాట చెప్పలేకపోయిన.

మళ్లా ఆదివారం వస్తదో రాదో అనుకున్న. వచ్చింది. ఏమీ ఎరగనట్టు “ఓవర్ చెప్పు” అన్న.

“మా దవాఖానల హ్యాండింగ్ ఓవర్ అంటరు సార్,” అన్నది నిమ్మళంగ. “డ్యూటీ దిగే సిస్టరమ్మ, ఎక్కే సిస్టరమ్మను మంచం మంచం కాడికి తీస్కపోయి చెప్తది. ఈమెకు జరం తగ్గలే, ఈయనకు సూదంటే భయం, ఈ ముసలమ్మ బిడ్డ తినిపిస్తెనే తింటది. ఎంత అర్జెంటున్నా గది చెప్పంది గడప దాటరు. మీరు చెప్పకుండ పోయిండ్రు.”

“తెలంగాణ కోసం పోయిన.”

“పోవద్దంటలేను సార్. నన్ను ఎవరికన్న అప్పజెప్పి పోండ్రి అంటున్న.”

నాకు సిగ్గయింది. ఆనాటి నుంచి అర్థాల లిస్టు పక్కకు పెట్టి, దవాఖానల ఆమె విన్న మాటలతోనే పాఠం చెప్పిన. మళ్ల జులూసుకు పోయేటప్పుడు మొయినాబాద్‌ల ఆగి, నా బదులు పాఠం చెప్పుమని చర్చి పక్క బడి టీచరమ్మకు ఒక కాయితం ఇచ్చిన. ఏ పాఠం అయింది, ఏది మిగిలింది, ఎక్కడ భయపడ్తది, అన్నీ రాసిన. రూతమ్మ ముందటనే చదివిన. “కసిరితే మాట పడిపోతది” అన్న కాడ ఆమె నవ్వింది.

ఆమెకు సీటు వచ్చింది.

రిటైరైన దినం నేను కొత్త మాస్టరును బెంచీ బెంచీ కాడికి తీస్కపోయి పిల్లల సంగతి చెప్పిన. ముసలాయనకు చాదస్తం అనుకున్నడేమో, జర ఓపికగనే విన్నడు. అయినా నా మనసు నిమ్మళం కాలే. అరవై తొమ్మిదిల బడి బందైననాడు నా తరగతి నిండ పిల్లలుండిరి. రూతమ్మ అంత దూరం నడిచొచ్చి అడిగింది. వాళ్లు అడగలే. వాళ్లను నేను ఎవ్వరికీ అప్పజెప్పి పోలే.