పెన్న వంతెన మీద అక్క మంచం

మొన్న గార్లదిన్నె దాటి బస్సులో పోతుంటే, పెన్న మీది పాత రైలు వంతెనను కూలీలు గ్యాసు మంటతో ముక్కలుగా కోస్తూ కనబడ్డారు. పక్కనే కట్టిన సిమెంటు వంతెన మీద రైళ్ళు తిరుగుతున్నాయి కాబట్టి ఆ ఇనుప దూలాలతో ఇక ఎవరికీ పనిలేదు. నాకు మాత్రం కాసేపు అక్కడ నిలబడాలనిపించి బస్సు దిగేశాను.

మా నాయన ఆ లైనులో గ్యాంగ్‌మన్. వంతెనకు ఇవతల రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్ళం. మా తరంవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పెన్న అంటే మనకు ఇసుకే. ఏటికి అడ్డంబడి సంతకు నడిచిపోయి, దారిలో చెలమ తోడుకుని నీళ్ళు తాగేవాళ్ళం. ఈ ఇసుక మీద తెల్లవాళ్ళు ఇంత వంతెన ఎందుకు కట్టారో అని నవ్వుకునేవాళ్ళం కూడా.

అటువంటిది, అక్క తొలికాన్పుకు వచ్చిన ఏడు, ఎగువన ఎక్కడో వానలు కురిసి ఏరు గట్లు ఒరుసుకుంటూ వచ్చింది. సరిగ్గా ఆనాడే అక్కకు నొప్పులు మొదలై, పొద్దు వాలేసరికి బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. ఆసుపత్రేమో అవతలి గట్టున. నాయన మరో మాట లేకుండా అక్కను నులకమంచం మీద పడుకోబెట్టి, తోటి గ్యాంగువాళ్ళను పిలిచి, మంచం ఎత్తుకుని వంతెన వైపు నడిచాడు. హైస్కూల్లో చదువుతున్న నేను లంగా ఎగ్గట్టి వెంట పరుగెత్తాను. వాళ్ళ మేస్త్రీ అడ్డం నిలబడ్డాడు.

"ఏమప్పా, రైలొచ్చే టయానికి వంతెనెక్కితే నీ ఉద్యోగం ఉంటాదా?"

"ఉద్యోగం పోతే కూలికి పోతానన్నా. బిడ్డ పోతే యాడ తెచ్చుకునేది?"

మేస్త్రీ ఎర్రజెండా తీసుకుని మాకంటే ముందు వంతెన మీద పరుగెత్తాడు.

స్లీపర్ల సందుల్లోంచి కింద ఎర్రనీళ్ళు సుళ్ళు తిరుగుతూ కనబడుతుంటే నేను మంచం పట్టె పట్టుకున్నాను. అక్క నా చెయ్యి పట్టుకుని, "కిందికి చూడాకు, నన్ను చూడు" అంది. అంత నొప్పిలోనూ తనే నాకు ధైర్యం చెప్పింది. అవతలి కొసకు చేరేసరికి ప్యాసింజరు రైలు జెండాకు ఆగి ఉంది. కిటికీల్లోంచి జనం తొంగిచూస్తున్నారే గాని ఒక్కరూ కసురుకోలేదు; ఎవరో ముసలామె తన దుప్పటి కిందికి అందించి అక్క మీద కప్పమంది.

అక్క బతికింది, ఆడపిల్ల పుట్టింది. రైలు ఆపినందుకు విచారణ జరిగి, నాయననూ మేస్త్రీనీ చెరో దిక్కుకు బదిలీ చేశారు. మేము రాయదుర్గం చేరాం. బదిలీ గురించి నాయన ఎన్నడూ నొచ్చుకోలేదు గాని, మేస్త్రీని విడిచి వచ్చినందుకు మాత్రం పండగ వచ్చినప్పుడల్లా బాధపడేవాడు.

ఇప్పుడు రోడ్డు వంతెన ఉంది, ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది, నిండుచూలాలిని మంచం మీద మోసుకుపోవలసిన పని లేదు. మంచిదే, ఆ రోజులు మళ్ళీ రావాలని నేనూ కోరుకోను. అయితే, మా అక్క మంచం దాటిపోయేదాకా రైలెడు జనం నోరెత్తకుండా కాచుకున్నారని చెబితే మా మనవరాలు నమ్మలేదు. ఆ వేళ అక్కడ లేకపోయుంటే నేనూ నమ్మేదాన్ని కాదేమో.