చూడకుండానే టొలీడోని కొట్టిపారేశాను

నాలుగేళ్ల కిందట డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో కూర్చుని, కొత్తగా వచ్చే విద్యార్థుల కోసం అమెరికా నగరాల పట్టిక ఒకటి రాశాను. పడమటి తీరం సాఫ్ట్‌వేర్, టెక్సాస్ చమురు, ఈశాన్యం బ్యాంకులు. సరస్సుల పక్కనున్న క్లీవ్‌లాండ్, టొలీడోలకు మాత్రం ‘తుప్పు పట్టిన ఫ్యాక్టరీలు, వెళ్లకండి’ అని రాశాను. ఆ పట్టికలో చాలా ఊళ్లను మ్యాపులో తప్ప చూడలేదు. వాట్సాప్‌లో ఊరేగిన ఆ పట్టిక చివరికి మా పిన్ని కూతురు సింధు కొంప ముంచింది. మెటీరియల్స్‌లో ఎమ్మెస్ చేసిన పిల్ల, టొలీడో గాజు ఫ్యాక్టరీ ఇచ్చిన ఉద్యోగాన్ని అది చూసి వద్దనేసింది. చదువయ్యాక పనిచేసుకోవడానికిచ్చే అనుమతి, ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండనిచ్చే తొంభై రోజుల్లో పద్దెనిమిదే మిగిలాయి. తెలిసినప్పుడు నా మీద నాకే ఒళ్లు మండింది. సింధు చేత మళ్లీ అడిగిస్తే ఆ ఫ్యాక్టరీ మేనేజరు శుక్రవారం కలవమన్నాడు, మాట మాత్రం ఇవ్వలేదు.

ఆ శుక్రవారం ఉదయం ఆరింటికి సింధూ నేనూ డాలస్‌లో విమానమెక్కి, డెట్రాయిట్ సమయం పది కావస్తుండగా అక్కడ దిగాం. డెబ్బై డాలర్లకు కారు అద్దెకు తీసుకుని ఐ-75 హైవే మీద దక్షిణంగా టొలీడో దాకా గంట నడిపాను. ఫ్యాక్టరీ ఎదుట చిన్న హోటల్లో గుడ్లు, బంగాళాదుంపల వేపుడు ఇద్దరికీ కలిపి ఇరవై రెండు డాలర్లు. ఇక్కడ అన్నీ మూతపడ్డాయని విన్నామని వంటావిడతో అన్నాను. ఆవిడ అట్లకాడ పక్కన పెట్టేసింది.

“మూతపడితే మూడు షిఫ్టులకూ నేనెవరికి వండుతున్నాను? కొన్ని పోయాయి, మా నాన్న పనిచేసిందీ పోయింది. ఉన్నవాటిని మీరెందుకు చంపుతారు?”

బిల్లు కట్టి బయటికొచ్చాం.

పన్నెండున్నరకు మేనేజరు మాకు రక్షణ కళ్లద్దాలిచ్చి లోపలికి తీసుకెళ్లాడు. కొలిమిలోంచి ఎర్రగా సాగివస్తున్న గాజు ముందు సింధు నిలబడిపోయింది. ఎందుకు వద్దన్నావని ఆయన అడిగితే, ఈ ఊళ్లో పనేమీ మిగల్లేదని చదివానంది. ఎవరు రాశారన్నాడు. నేను చెయ్యెత్తాను. ఆయన నవ్వలేదు. రమ్మన్నాను కాబట్టి ఫ్యాక్టరీ చూపించానని, ఆ ఉద్యోగం మాత్రం నిన్ననే ఇంకొకరికి ఇచ్చేశామని అన్నాడు.

కార్లో కూర్చున్నాక సింధు అంది.

“అన్నయ్యా, నా థీసిస్ మొత్తం అలాంటి ఫర్నేస్ మీదే కదా.” మళ్లీ అడిగింది, “మిగతా సిటీస్ కూడా చూడకుండానే రాశావా?”

“చాలావరకు,” అన్నాను.

విమానం ఎక్కేముందు, ఆ పట్టిక తప్పు, ఎవరూ నమ్మొద్దని విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో రాశాను. “ఫ్రస్ట్రేషన్ ఎందుకు బ్రో, లిస్ట్ సూపర్ ఉంది,” అని ముక్కూమొహం తెలియనివాడెవడో దాన్నే మళ్లీ పోస్ట్ చేశాడు. ఫోన్ విసిరికొట్టాలనిపించింది. చాలా ఊళ్లకు వెళ్లకుండానే దేశం మొత్తాన్ని నాలుగు గడుల్లో సర్దేశాను. నాకు పోయిందేమీ లేదు, పోయింది సింధుకి. ఇలాంటి ఆఫర్ మీకు వస్తే, జవాబిచ్చేముందు పనిరోజు చూసుకుని ఆ ఊరికి వెళ్లండి. షిఫ్టు ఎప్పుడు మారుతుందో అడిగి, ఆ వేళకు గేటు దగ్గర నిలబడండి. ఎంతమంది లోపలికి వెళ్తున్నారో మీ కళ్లతో చూడండి, నాలాంటివాణ్ని మాత్రం అడక్కండి.