పెద్ద మగచేపలు ఎటు పోయాయి

మా అమ్మ వరంగల్ చేపల మార్కెట్లో చేపలు కోస్తుంది. ఎవరో కొన్న చేపను కత్తిపీట మీద పొలుసు తీసి, కడుపు శుభ్రం చేసి, ముక్కలు కొట్టి ఇవ్వడం ఆమె పని. నేను పుట్టకముందు నుంచీ అదే పని. చెరువు చేపలైతే ఒంటి మీద చెయ్యి వేసి పేరు చెబుతుంది. సముద్రపు చేపలు చలికాలంలో, ఐసు నింపిన థర్మాకోల్ పెట్టెల్లో కాకినాడ వైపు నుంచి వస్తాయి.

నేను డిగ్రీలో జువాలజీ చదువుతున్నప్పుడు మా మేడమ్ ప్రాక్టికల్‌కు సీ బ్రీమ్ అనే సముద్రపు చేపల కుటుంబంలోది ఒకటి కావాలంది. ఆమె పంపిన ఫొటో అమ్మకు చూపించాను. వెండి రంగు ఒళ్లు, వంపు తిరిగిన నుదురు, వీపు మీద ముళ్లు.

"గిదా? పండ్ల చేప" అంది అమ్మ. "మనుషుల లెక్క దవడ పండ్లుంటయి దీనికి. గవ్వలను గూడ నమిలి మింగుతది. ఇంకొకటి బిడ్డా, గీ చేపల్ల చిన్నయన్నీ మొగయి, పెద్దయన్నీ ఆడయి."

"అట్ల ఉండదమ్మా. పెద్ద మగవి నీ చేతికి రాలేదేమో" అని నవ్వాను. పుస్తకాలు చదివేది నేను కదా.

అమ్మ చేపను నా చేతికి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. "నువ్వు ఖరాబ్ చేస్తవు, నేనే వస్త" అని, కత్తిపీటను గోనెసంచిలో చుట్టుకుని, ఒక చిన్న చేప, ఒక పెద్ద చేప పట్టుకుని కాలేజీకి వచ్చింది. ల్యాబ్ నేల మీద కూర్చుని ముందు దవడ విప్పింది. ముందు కోరల్లాంటి పళ్లు, వెనక గుండ్రటి నమిలే పళ్లు. కడుపు చీలిస్తే నిజంగానే గవ్వల పొడి రాలింది. పిల్లలంతా ఫోన్లు పట్టుకుని ముందుకు వంగారు.

తర్వాత చిన్న చేపలోంచి మగవాటికే ఉండే తెల్లటి పాలతిత్తి, పెద్దదానిలోంచి పసుపుపచ్చని గుడ్లు తీసి పక్కపక్కన పెట్టింది. "ఎప్పుడు కోసినా గిట్లనే ఎల్తయి మేడమ్. చిన్నయి మొగయి, పెద్దయి ఆడయి."

వెనక బెంచీల్లో నవ్వులు. ఒకడు అడిగాడు, "మరి పెద్ద మగవి ఎటు పోతయి ఆంటీ?"

"గదే నాకు సమజ్ గాలె బిడ్డా. ఎన్నేండ్ల సంది సూస్తున్ననో. ఎవలనడిగినా నవ్వేటోళ్లే."

నేను తల దించుకున్నాను. నవ్విన వాళ్లలో నేనూ ఒకదాన్ని. మేడమ్ స్టూలు మీంచి లేచి వచ్చి అమ్మ పక్కన నేల మీదే కూర్చుంది.

"ఎటూ పోవమ్మా. అవే ఆడవిగా మారుతయి. ఈ కుటుంబంలో కొన్ని రకాలు మొదట మగవిగా ఎదిగి, పెద్దయినంక గుడ్లు పెడతయి. నేను ఎమ్మెస్సీలో చదివిన. ఇట్ల కోసి చూపించినోళ్లను మాత్రం ఇయ్యాల్నే చూస్తున్న."

వెనక బెంచీల వాళ్లూ ముందుకొచ్చి తొంగి చూశారు. అమ్మ ఆ రెండు చేపలను కాసేపు చూసింది. "మారుతదా!" అని, తర్వాత నావైపు తిరిగి, "అంటే నేను తప్పు సూడలే" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె వీపు ఎంత నిటారుగా ఉందో నాకిప్పటికీ గుర్తే. "మా అమ్మ" అని పక్కనున్న అమ్మాయితో చెప్పాను. ఆమెకు ఆ సంగతి ముందే తెలుసు. అయినా మళ్లీ చెప్పాను.

ఇప్పుడు నేను వరంగల్‌లోనే ఎమ్మెస్సీ చేస్తున్నాను. మొన్న చలికాలంలో ఒక ఉదయం మార్కెట్ నుంచి అమ్మ ఫోన్ చేసింది. వెనక బేరాల గోల, ఆమె గొంతులో తొందర.

"బిడ్డా, నడిమి సైజుది ఒకటి కోసిన. దీంట్ల పాలతిత్తి ఉన్నది, పక్కకే గుడ్లు గూడ ఉన్నయి. మారుతున్నదే దొరికింది! ఐసుల పెట్టిన, ఎవల్నీ ముట్టనియ్య. జర జల్ది రా."

క్లాసు మధ్యలో లేచి, పాఠం చెబుతున్న మేడమ్‌కు చెప్పి, ఆటో ఎక్కాను.