ఆన్‌లైన్ కోటలో కమ్మరి తాత

ఆ రోజుల్లో మేము పోగొట్టుకున్నవన్నీ కూడితే ఇలా తేలుతుంది: నూట ముప్పై ఏడు మంది వీరులు, వాళ్ల నాలుగు వందల పన్నెండు కత్తులు, రెండు వందల ఆరు కవచాలు, లోయ అంచున ఒక ఎర్రరాతి కోట, దాని కింద నడివేసవిలో కూడా నిండుగా పారే ఒక ఏరు (మా కడప జిల్లాలో అలాంటిది కలలోనే కుదురుతుంది), చివరగా నా మొదటి ఉద్యోగం. ఇందులో చేత్తో పట్టుకోగలిగినది ఒక్కటీ లేదు. అన్నీ ఒక అద్దె సర్వర్లో ఉండేవి, అన్నీ ఒకే రోజు పోయాయి. అయినా కళ్లు మూసుకుంటే ఆ కోటలో ఏ మెట్టు విరిగి ఉండేదో, ఏ బురుజు మీద సాయంత్రపు ఎండ చివరిదాకా నిలిచేదో ఇప్పటికీ చెప్పగలను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఇంటర్ మధ్యలో వదిలేసి, మైదుకూరులో మా నాయన పక్కన నిలబడి పసుపు బస్తాలు తూకం వేసేవాణ్ణి. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు, కాటా దగ్గర నిలబడగా నిలబడగా వాటంతట అవే వచ్చాయి. కడపలో నెట్ సెంటర్ నడిపే మా పెద్దమ్మ కొడుకు (అందరూ సర్వరన్న అనేవారు) ఇంటర్నెట్‌లో పదిమంది కలిసి ఆడే ఆట ఒకటి తయారుచేస్తూ నన్ను పిలిపించాడు. ప్రోగ్రాం రాయడం అన్న పని, అంకెలు నా పని. వీరుడు ఒక్కో లెవెల్ ఎక్కడానికి ఎంతమంది రాక్షసుల్ని కొట్టాలి, ఎక్కినందుకు ఎంత బలం పెరగాలి, ఏ కత్తికి ఎంత పదును, ఏ కవచం ఎన్ని దెబ్బలు ఆపాలి, ఇవన్నీ నేను తేల్చాలి. నాయన ఒప్పుకున్నాడుగానీ షరతు పెట్టాడు. ఉగాది నాటికి ఆ ఆట నిలబడితే సరే, లేకపోతే మళ్లీ వచ్చి కాటా పట్టుకోవాలి. నాకు కాటా మీద కోపం లేదు. కానీ బస్తా బరువు ఎన్నిసార్లు తూచినా బస్తా బరువే. కోటలో అయితే నేను ఎంత అంటే అంత.

మధ్యాహ్నాలు నెట్ సెంటర్లో కరెంటు పోయేది. కిటికీకి కట్టిన తడి గోనె పట్టాలోంచి చల్లటి మట్టి వాసన వస్తుంటే, నేను కళ్లు మూసుకుని ఆ ఏటి ఒడ్డున నడిచేవాణ్ణి. అలా నడుస్తుండగానే ఒకరోజు కమ్మరి తాత కనిపించాడు. కత్తి వాడిన కొద్దీ మొద్దుబారాలి కదా, మరి దాన్ని సానపట్టేదెవరు? మా అబ్బ (నాయన వాళ్ల నాయన) ఊళ్లో కమ్మరి ఏడాది పొడవునా నాగళ్లు, కొడవళ్లు బాగుచేసేవాడు, ఒక్క పైసా అడిగేవాడు కాదు. పంట కళ్లానికి వచ్చినప్పుడు ప్రతి ఇల్లూ అతనికి గింజలు కొలిచేది. నేను అదే పెట్టాను. ఎన్నిసార్లయినా సాన ఉచితం, కళ్లం రోజున లెవెల్‌కి ఒక శేరు జొన్నలు. గింజలు ఓడిపోయిన రాక్షసుల దగ్గర దొరుకుతాయి (రాక్షసులు జొన్నలు ఎందుకు దాచుకుంటారని ఎవరూ అడగలేదు). ఇంట్లో కొడవలి అన్న చేతిలోంచి తమ్ముడి చేతిలోకి పోయినట్టే, కత్తి ఎవరైనా ఎవరికైనా ఇచ్చుకోవచ్చని కూడా రాశాను. దాన్ని పట్టుకునేవాడికి ఫలానా లెవెల్ ఉండాలన్న నియమం నాకు తోచలేదు.

అన్న నా కాగితం చూసి గడ్డం గోక్కున్నాడు.

"ముందు పని చేపిచ్చుకోని తర్వాత ఇస్తారనుకుంటాండావా?"

"ఇయ్యక యాడికి పోతారన్నా? ఊర్లోనే ఉంటారు కదా."

ఆ మాట నేను ఎంత ధీమాగా అన్నానంటే, అన్న దాన్ని అలాగే ప్రోగ్రాంలో కూర్చోబెట్టేశాడు.

మూడు నెలలు ఆట కలలా సాగింది. కర్నూలు కాలేజీ పిల్లలు, ప్రొద్దుటూరు బట్టల కొట్ల కుర్రాళ్లు, ఆదోని నుంచి ఒక అక్క, అందరూ వచ్చి చేరారు. కత్తులు తళతళలాడుతూ ఉండేవి. ఉగాదికి వారం ముందు కళ్లం రోజు పెట్టాం. అది గడిచాక కూడా వందమంది ఆడుతుంటే వచ్చే ఏటికి సర్వర్ అద్దె కట్టి నాకు జీతం కూడా వేస్తానని అన్న మాటిచ్చాడు.

ముందురోజు అందరూ వరసపెట్టి వచ్చి ఉన్న కత్తులన్నీ సానపట్టించుకున్నారు. నాకు ముచ్చటేసింది. తెల్లవారి చూస్తే కోటలో పాతవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ కొత్త పేర్లు, అందరిదీ ఒకటో లెవెల్, కానీ చేతుల్లో మాత్రం ఇరవయ్యో ముప్పయ్యో లెవెల్ వాళ్ల కత్తులు. రాత్రికి రాత్రి కొత్త పేరు పెట్టుకుని, పాత పేరు నుంచి కత్తి ఇప్పించుకున్నారు. కమ్మరి గింజలకు చెయ్యి చాపితే తాతా నేను కొత్తోణ్ణి అని వినయంగా చెప్పి వెళ్లిపోతున్నారు. ఆ కత్తులకు రాక్షసులు ఆగలేదు. మధ్యాహ్నం రెండు గంటలకల్లా కొట్టడానికి ఎవరూ మిగలక ఒక్కొక్కరే ఆట మూసేసి వెళ్లిపోయారు.

అన్న నన్ను తిట్టలేదు. "మన ఊర్లో అయితే మొగం దాచుకునేదానికి చోటుండదప్పా. ఈడ మొగమే మార్చుకుంటాండారు," అని మాత్రం అన్నాడు.

సాయంత్రం సర్వర్ ఆపేసే ముందు ఒక్కసారి కోటలోకి వెళ్లాను. కొలిమి ముందు ఆదోని అక్క నిలబడి ఉంది, పాత పేరుతోనే, ఇరవై మూడో లెవెల్‌తోనే. తన ఇరవై మూడు శేర్లు కొలిచి, కొసరుగా ఇంకో శేరు పోసింది. తాతకు మాటలు రావు కాబట్టి ఆయన తరఫున నేనే టైపు చేశాను, సల్లగా ఉండమ్మా అని.

"మిగతావాళ్లు యాడ తాతా?" అని అడిగింది.

"దోవలో ఉండారు లేమ్మా."

"అట్లయితే కూర్చుంటా. ఒక్కనివే ఉండావు కదా."

ఏరు పారుతూ ఉంది. ఇద్దరూ కూర్చున్నారు. అన్న ఇంకో పావుగంట ఆగాడు, తర్వాత స్విచ్ ఆపాడు.

ఉగాది మర్నాడు కాటా దగ్గరికి వెళ్తే, నాయన పక్కకు జరిగి చోటిచ్చాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ ఆటల అంకెల పని మళ్లీ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఇప్పుడు కర్నూలులో ఇంట్లోనే కూర్చుని ఒక కంపెనీకి ఇవే లెవెళ్లు, ఇవే కవచాలు లెక్కగడుతున్నాను. మా ఆటల్లో సానకు ముందే చెల్లించాలి, లెవెల్ లేనివాడు కత్తి ముట్టుకోలేడు. అంతా చక్కగా నడుస్తుంది, ఎవరూ ఎవరికోసమూ కూర్చోరు. ఎవరూ ఎక్కడికీ పోరని నమ్మిన ఆ ఇరవై రెండేళ్లవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, వాడి పక్కన కాసేపు కూర్చోవాలనీ అనిపిస్తుంది. నూట ముప్పై ఏడు మంది పాత లెవెళ్లు కూడితే రెండు వేల మూడు వందల పద్నాలుగు శేర్లు. అందులో అక్క ఇచ్చినవి తీసెయ్యాలి. కొసరు శేరు కూడా తీసెయ్యాలా అని చాలాకాలం ఆలోచించాను. తియ్యకూడదు, అది బాకీ కింద ఇచ్చింది కాదు. కాబట్టి కమ్మరి తాతకు ఈ రోజుకీ రావలసింది రెండు వేల రెండు వందల తొంభై ఒక్క శేర్ల జొన్నలు.