డబ్బాలో దొరకని విక్రాంత్

ఈ రోజు కూడా బందే. సాయంత్రం షట్టర్లు సగం లేచాక దిల్‌సుఖ్‌నగర్‌లో యాదగిరి గారి బొమ్మల కొట్టుకు వెళ్లాను. ప్లాస్టిక్ ముక్కలు అతికించి చిన్న చిన్న యుద్ధనౌకలు చేయడం నాకో పిచ్చి. ఆయనది నల్లగొండ, నాది కాకినాడ. తెలంగాణ ఉద్యమం రాజుకున్నప్పటి నుంచి ఆయన మాటల్లో 'మేము' ఒక పక్క, 'మీ ఆంధ్రోళ్లు' ఒక పక్క. నాకూ అలవాటైపోయింది.

ఒక జర్మనీ ఓడ కిట్టు, ఒక జపాన్ ఓడ కిట్టు నా ముందు పెట్టారు. రెండూ యుద్ధంలో మునిగినవే.

"విక్రాంత్ యుద్ధనౌక కిట్టు రాలేదా?" అన్నాను.

"యాడికెల్లి ఒస్తది సార్? మునిగిన ఓడలకు డబ్బాలున్నయ్. బంగ్లాదేశ్ లడాయిల గెలిచొచ్చిన మన ఓడకు లేదు. మనోళ్లకు మనదంటే కదర్ లేదు, ఇలువ లేదు!" అంటూ నాకంటే ఎక్కువ మండిపడ్డారు.

ఒక్క గుక్కలో ఎన్ని 'మన'లో! ఆయన గమనించలేదు. నేనూ ఎత్తి చూపలేదు, వెనక్కి తీసుకుంటారేమోనని.

మీలో ఎవరికైనా ఆ కిట్టు కనిపిస్తే చెప్పండి. ప్రస్తుతానికి మా ఇద్దరి ఉమ్మడి ఆస్తి, ఇంకా ఏ డబ్బాలోనూ దొరకని ఆ ఓడ ఒక్కటే.